భైంసేలో ప్లేడే

నర్సింగం మెడ వెనక, కుడి పక్కన, ఒక పుట్టుమచ్చ ఉంది. కాశీ దాటినప్పటి నుంచి గట్టయ్య చూస్తూ వచ్చింది దాన్నే. పశుపతినాథుణ్ణి సరిగ్గా చూడలేదు. మంచుకొండలు అగుపిస్తున్నాయని బస్సంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూసినప్పుడు కూడా అటు తిరగలేదు. ముందు సీట్లో మైనింగ్ సర్దార్ నర్సింగం మెడ, ఉతికి మడతపెట్టిన తెల్ల కండువా, ఆ నల్ల మచ్చ. ఆ మనిషి చేతి కింద పనిచేస్తూనే తన తమ్ముడు బుచ్చన్న బొగ్గుబాయిలో బండ కింద నలిగి చచ్చిపోయాడు. ఏడాది దాటింది. జనం మరిచిపోయారు. గట్టయ్య మరవలేదు, మరిచే ఉద్దేశం కూడా అతనికి లేదు.

బాయిలో సర్దార్ పని పెద్ద బరువు పనేం కాదు. షిఫ్టు మొదలు కాకముందు లోపలికి పోయి, కర్రతో పైబండను కొట్టి, అది పలికే చప్పుడు విని, కింద మనిషి పనిచేయవచ్చో లేదో చెప్పాలి. ఖంగుమంటే గట్టి బండ. డొల్లగా పలికితే ఊడిపడే బండ, కింద దిమ్మెలు, అంటే మొద్దు కర్రలు, నిలబెట్టి ఆపాలి. ఆ రోజు నర్సింగం కొట్టి చూసి మంచిగుందన్నాడు. మొదటి బొగ్గు టబ్బు నిండకముందే బండ కూలింది. ఎంక్వైరీలోనూ నర్సింగం అదే మాట మీద నిలబడ్డాడు. అదే షిఫ్టులో ఇంకో పక్క దిమ్మెలు పెడుతున్న గట్టయ్యకు తెలియదా, మంచిగా పలికిన బండ అంతలోనే ఎట్లా కూలుతుందో. పెద్దసార్ల దగ్గర మెప్పు కోసం, పని ఆగకుండా ఉండటం కోసం, డొల్లబండను మంచిదన్నాడు. అంతే. వేరే సంగతి ఏముంటుంది?

గోదావరిఖని నుంచి బాయి పనివాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు కలిసి ఈ బస్సు మాట్లాడుకున్నారు. కాశీ, గయ, అక్కడ నుంచి రక్సౌల్ దగ్గర సరిహద్దు దాటి నేపాలు. కాల్చిన నాడు ఏరి దాచిన బుచ్చన్న బొక్కలు, అస్థికలు, గంగలో కలపాలని అతని భార్య అనసూర్య బయల్దేరింది. మరదలు ఒక్కతే పరాయి దేశం ఎట్లా పోతుందని గట్టయ్య తోడు వచ్చాడు. ఇంట్లో చెప్పిన మాట అది. అసలు సంగతేమంటే, నర్సింగం వస్తున్నాడని తెలిసిన రోజే గట్టయ్య బస్సులో సీటు అడిగాడు.

కాశీలో ఒక పని చేశాడు కూడా. నర్సింగం నడుములోతు గంగలో నిలబడి దణ్ణం పెట్టుకుంటున్నాడు. గట్టయ్య అతని వెనక దిగి, ఇల్లు కదిలినప్పటి నుంచి లోపల నానబెట్టుకున్న మాట అనేశాడు. "సర్దార్ సాబ్, గంగల నిలవడ్డవ్. దోసిట్ల నీళ్ళు పట్టుకొని ప్రమాణం చెయ్యి. ఆ దినం బండ మంచిగనే పలికిందని చెప్పు." నర్సింగం మునకలు వేశాడు. ముక్కు చీదాడు. తిరిగైనా చూడకుండా మెట్లెక్కి, తువ్వాలు పట్టుకుని నిలబడ్డ భార్య సారలమ్మ దగ్గరికి పోయాడు. గట్టయ్య నీళ్ళలోనే ఉండిపోయాడు. వెనక కుక్క మొరిగినా మనిషనేవాడు తిరిగి చూస్తాడు. తమ్ముడి చావు గురించి అడిగితే ఆ మాత్రం విలువ కూడా లేదన్నమాట. ఆ పూటే గట్టయ్య ఒక తీర్మానానికి వచ్చాడు. ఇక అడగడం లేదు. గోదావరిఖని చేరేలోపల ఎక్కడో ఒకచోట చెయ్యి అందుతుంది, అందినప్పుడు వదలడు.

*

ఖాట్మండు నుంచి తిరుగు దారిలో కొండ దిగేసరికి బస్సు చక్రాల దగ్గర మాడు వాసన మొదలైంది. డ్రైవర్ సామ్యేల్ గోదావరిఖని మనిషే, చర్చికి పోయేవాడు. వాగు పక్కన రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్న చోట బండి ఆపి, చక్రాల కింద రాళ్ళు పెట్టించాడు. బ్రేకులు సల్లారాలని, విప్పి చూస్తే గానీ ముందుకు పోనని చెప్పాడు. మీ దేవుళ్ళందరూ గుట్టలెక్కి కూర్చుంటారు, అరిగేవి మాత్రం నా బ్రేకులని సణిగాడు. ఆ ఊరి పేరు భైంసే అని తెలిసింది. మన దిక్కు భైంసా ఊరు గింత దూరం ఎట్ల నడిచొచ్చిందని పోశం అంటే అందరూ నవ్వారు. పోశం నర్సింగం షిఫ్టులో బొగ్గు నింపేవాడు, నలుగురు పిల్లల తండ్రి. నోట్లో బీడీ, ముఖాన నవ్వు లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు.

"రేపు ప్లేడే" అన్నాడు సామ్యేల్. వారపు సెలవుకు బాయి పనివాళ్ళు పెట్టుకున్న పేరది. ఆ మాట వినగానే బస్సులో అందరి ఒళ్ళూ సడలింది.

తెల్లారి ఎవరికీ తొందర లేదు. ఆడవాళ్ళు వాగులో బట్టలు ఉతికి, బస్సు కిటికీల నుంచి చెట్లకు తాళ్ళు కట్టి ఆరేశారు. మగవాళ్ళు ఒకరికొకరు గడ్డాలు గీసుకున్నారు. చేతిలో పని లేకపోతే తోచని మనుషులు గనుక, అక్కర లేకపోయినా కట్టెలు చీల్చి కుప్ప పెట్టారు. నుదుటికి పట్టీ వేసుకుని, వీపు మీద పెద్ద గంపలతో కొండెక్కుతున్న కూలీలను చూసి, మన తట్ట నయమా వాళ్ళ గంప నయమా అని చాలాసేపు వాదించుకున్నారు. సామ్యేల్ బస్సు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం బయటికి కనపడుతున్నాయి.

నర్సింగం ఎవరితో కలవలేదు. ఎప్పుడూ కలవడు. రాయి మీద వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరైనా పలకరిస్తే పక్కనున్న సారలమ్మే జవాబిస్తుంది. ఆయన మాత్రం మాట్లాడేవాడి నోటి వైపు చూస్తాడు. ఆ చూపుకు ఎదుటివాడికి తను అబద్ధమాడుతున్నానేమోనని అనుమానం వస్తుంది. సర్దార్‌కు పొగరని కొందరు, భక్తి గల మనిషి, మాట తక్కువని కొందరు అంటారు. భక్తి అనేందుకు కారణం ఉంది. బాయి మొగదాల దగ్గర, లోపలికి దిగే చోట, మైసమ్మకు అందరూ మొక్కుతారు. నర్సింగం లోపల కూడా మొక్కుతాడు. కుడిచేత్తో కర్ర ఎత్తి బండను కొట్టేటప్పుడు ఎడమ అరచెయ్యి బండకు ఆనించి ఉంచుతాడు, తల్లి పాదం పట్టుకున్నట్టు. అది చూసి షిఫ్టులో చాలామంది అట్లాగే బండను తాకి కళ్ళకద్దుకోవడం నేర్చుకున్నారు. బుచ్చన్న కూడా నేర్చుకున్నాడు. గట్టయ్యా నేర్చుకున్నాడు, తమ్ముడు పోయిన రోజు దాకా.

పొద్దున బువ్వల దగ్గర అనసూర్య వడ్డించింది. నర్సింగం పళ్ళెంలో అందరికంటే కాస్త ఎక్కువే పప్పు పోసింది. గట్టయ్యకు ఒళ్ళు మండింది. ఆమె గిన్నె కడగడానికి వాగుకు పోతే వెంట పోయి, వానికి నీ చేత్తో ఎట్లా పెట్టావని అడిగాడు. అనసూర్య గిన్నెను ఇసుకతో తోముతూ, వరసలో కూర్చున్నోళ్ళందరికీ వడ్డించానంది. మెరిసే దాకా తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. అతని ముఖం వైపు మాత్రం చూడలేదు. మొగుడు పోయిన ఆడదానికి ఇంత మెత్తదనం ఎక్కడిదని గట్టయ్య లోలోపలే తిట్టుకున్నాడు.

*

మధ్యాహ్నం ముసురు పట్టింది. వాగు పక్కన కొండలోంచి ఒక పెద్ద బండ పందిరిలా ముందుకు పొడుచుకుని వచ్చి ఉంది. దాని కింద కూలీలు వంట చేసుకున్న మసి, బూడిద. బస్సులో ఉక్కగా ఉందని కొందరు చాపలు పట్టుకుని అటు నడిచారు. ఆ బండను చూడగానే పోశానికి పరాచికం పుట్టింది. సర్దార్ సాబ్ ఉండంగ మనకు ఫికరేంది, బండ చూసి సర్టిఫికెట్ ఇస్తడు అన్నాడు. జనం నవ్వుతూ దారి ఇచ్చారు. నర్సింగం మాత్రం నవ్వలేదు. పశుపతి గుడి ముందర కొన్న పొన్నుకర్ర తీసుకుని లోపలికి పోయాడు.

అంచున బండ కిందికే ఉంది. అక్కడ ఎడమచెయ్యి ఆనించి కొట్టాడు. లోపల ఎత్తుంది, చెయ్యి అందదు. కర్ర కొసతో పైకి పొడిచి కొట్టాడు. బస్సు చక్రానికి ఆనుకుని కూర్చున్న గట్టయ్యకు ఆ చప్పుడు వినపడింది. నెర్రె విచ్చిన కుండ చప్పుడు. అతని అరికాళ్ళు తమంతట తామే నేలను తన్నాయి. పారిపొమ్మని చెప్పే చప్పుడది, ఇన్నేళ్ళ పనిలో కాళ్ళకు కూడా తెలిసిపోయింది.

నర్సింగం వెనక్కి తిరిగి పోశం ముఖం చూశాడు. బీడీ ముట్టించుకుంటున్న పోశం తల ఊపాడు. "మంచిగున్నది" అని నర్సింగం చాప లోపలికంటా జరిపి పరుచుకున్నాడు. సారలమ్మ చాటలో బియ్యం పోసుకుని పక్కనే కూర్చుంది. ఇంకో ముగ్గురు ముసలమ్మలు చేరారు.

మళ్ళీ అదే అబద్ధం. గట్టయ్య పళ్ళు కొరుక్కున్నాడు. నలుగురిలో డొల్లబండను మంచిదంటున్నాడు, సిగ్గు లేదు. అనుకున్నాడు గానీ ఆ కోపం మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. అబద్ధమాడేవాడు ఆ బండ కిందే తన చాప ఎందుకు పరుస్తాడు? పక్కన పెళ్ళాన్ని ఎందుకు కూర్చోబెట్టుకుంటాడు?

గట్టయ్య లేచి లోపలికి నడిచాడు. ముసలమ్మలు ఒక మూల ముచ్చట్లలో ఉన్నారు. నర్సింగం కొండ వైపు తిరిగి కూర్చుని, తలకింద పెట్టుకోవడానికి కండువా మడుస్తున్నాడు. గట్టయ్య అతని వీపు వెనక నిలబడ్డాడు. మామూలు గొంతుతో, మెల్లగానూ కాదు గట్టిగానూ కాదు, అన్నాడు.

"నర్సింగం, ఇయ్యాల నీ పెండ్లాం ముండమోస్తది."

కండువా మడుస్తున్న చేతులు ఆగలేదు. ఇంకో మడత పెట్టాయి. చాటలో సారలమ్మ చేతులు మాత్రం ఆగిపోయాయి. ఆమె తల ఎత్తి గట్టయ్యను చూసింది. బియ్యం అంటుకున్న రెండు చేతులూ జోడించి, ముసలమ్మలకు కనపడకుండా, ఒడిలోనే దణ్ణం పెట్టింది.

గట్టయ్యకు మొత్తం అర్థమైంది. గంగలో ఎందుకు తిరిగి చూడలేదో అర్థమైంది. నోళ్ళ వైపు చూసే చూపు, పెళ్ళాం జవాబులు అర్థమయ్యాయి. బండకు ఆనిన ఆ అరచెయ్యి మొక్కు కాదు. చెవి చచ్చిపోయిన మనిషి బండ అదురును చేత్తో వెతుక్కుంటున్నాడు. చెయ్యి అందినంత వరకు సరే. ఎత్తుగా ఉన్నచోట ఏం చేస్తాడు? బుచ్చన్న చచ్చింది ఎత్తు జాగాలోనే. వీడికి చెముడు. చెవుడని తెలిసీ కర్ర పట్టుకుని రోజూ బాయి దిగుతున్నాడు, మనుషుల ప్రాణాలకు మంచిగున్నదని చెబుతున్నాడు. దీనికంటే అబద్ధమే నయం.

బయటికి వచ్చి గట్టయ్య చేసిన పని చల్లగా, తొందర లేకుండా చేశాడు. ముసలమ్మలను పిలిచి, ఆ మూల జలగలున్నాయని చెప్పాడు. వాళ్ళు చీరలు ఎత్తిపట్టుకుని చాపలతో సహా బస్సు దగ్గరికి వచ్చేశారు. కొంచెం ఆగి, అనసూర్య పిలుస్తోందని సారలమ్మను పిలిచాడు. సారలమ్మ నిద్రపోతున్న మొగుణ్ణి ఒకసారి చూసి, గట్టయ్యను చూసి, చాట అక్కడే పెట్టి వచ్చింది. ఇప్పుడతను పిలిస్తే ఎక్కడికైనా వస్తుంది, పాపం.

ఇక బండ కింద నర్సింగం ఒక్కడే. గట్టయ్య చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు.

ముసురు ముసురుగానే ఉంది. కాసేపటికి బండ పగులులోంచి సన్నటి మన్ను రాలడం మొదలైంది. తెల్లధోవతి మీద ఎర్రటి పొడి. ఆగింది. మళ్ళీ రాలింది, ఈసారి చిన్న పలుకులతో. బండ కదలబోతుందనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు. గట్టయ్య కేక పెట్టక్కర్లేదు, పెట్టినా వాడికి వినపడదు. చెయ్యి ఎత్తక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. ఇంత సుళువుగా అందుతుందని అనుకోలేదు. అతని నోట్లో నీళ్ళూరాయి. నిజంగానే ఊరాయి, గుటక వేశాడు.

బస్సు పక్కన ముసలమ్మల్లో ఒకామె అటు చూసి అంటోంది. ఎంత పుణ్యాత్ముడు సర్దార్, కాశీల మునిగిండు, పశుపతిని చూసిండు, ఎట్ల నిద్రపోతున్నడో చూడు. గీ యాత్రల పాణం పోయినా నేరుగా శివుని దగ్గరికే పోతడు, మనసొంటోళ్ళకు దొరుకుతదా ఆ చావు.

గట్టయ్య ఆ మాట విన్నాడు. బుచ్చన్నను పైకి తెచ్చింది బొగ్గు టబ్బులో. నోటి నిండా బొగ్గుపొడి. అనసూర్య చీరకొంగుతో ఎంత తుడిచినా పళ్ళ సందుల్లోంచి నలుపు పోలేదు. ఆ నోటితోనే కాల్చారు. వీడు మాత్రం తెల్లబట్టల్లో, గంగలో మునిగిన ఒంటితో, నిద్రలో, నొప్పి తెలియకుండా, పుణ్యాత్ముడై పోతాడా? రేపు గోదావరిఖనిలో జనం చెప్పుకుని దణ్ణం పెడతారా? ఆ చావు వీడికి ఇవ్వకూడదు.

అతను లేచి పరుగెత్తాడు. బండ కిందికి దూరి, నర్సింగం రెండు కాళ్ళూ పట్టుకుని చచ్చిన గొడ్డును లాగినట్టు రాళ్ళ మీద లాగాడు. నర్సింగం తల నేలకు కొట్టుకుంది, కళ్ళు తెరిచి తన్నుకున్నాడు. అంచు దాటి ఇద్దరూ బురదలో పడేసరికి వెనక బండ విరిగింది. పెద్ద చప్పుడేం కాలేదు. మంచమంత పలక ఒకటి చాప మీద పడుకుంది, అంతే. బియ్యం చాట అంచు ఒక్కటే బయటికి కనిపించింది.

*

జనం మూగారు. పగ మరిచి ప్రాణం నిలబెట్టాడని, దేవుడు ఉన్నాడని తలా ఒక మాట అన్నారు. సారలమ్మ వచ్చి గట్టయ్య కాళ్ళ మీద పడింది. అతను కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. "మొక్కకు అక్కా. నేను మంచికి గుంజలే" అన్నాడు. ఎవరికీ ఆ మాట ఎక్కలేదు.

పోశం అక్కడే నిలబడి పడిన పలకను చూస్తున్నాడు. నోట్లో బీడీ ఆరిపోయింది. గట్టయ్య బురద చేత్తోనే అతని అంగీ పట్టుకుని, బండ ఎట్లా పలికిందని అడిగాడు. వినలేదన్నాడు పోశం. వినకపోతే తల ఎందుకు ఊపావని అడిగాడు గట్టయ్య.

పోశం సర్దార్ వైపు చూశాడు, సారలమ్మ వైపు చూశాడు. తరువాత మెల్లగా చెప్పాడు. "నేను పక్కనుంటె ఎప్పుడు ఊపుతనే అన్న. బాయిల సుత. ఆయన కొట్టి నా మొఖం చూస్తడు. ఆయనకు ఇనవడదని నాకెరుకే. పెద్దమనిషి, సర్దార్. కాదని తలకాయ ఎట్ల తిప్పాలె? ఊపుడు అలవాటైంది."

ఆ షిఫ్టువాళ్ళు బస్సులో ఇంకొందరున్నారు. తాము ఇన్నాళ్ళూ దేని కింద నిలబడి బొగ్గు నింపారో లెక్కకు వస్తున్నట్టు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒకతను కాండ్రించి ఉమ్మేసి పక్కకు పోయాడు. బస్సు కింద నుంచి వచ్చిన సామ్యేల్ గ్రీజు చేతులు తుడుచుకోవడం మరిచిపోయి నిలబడ్డాడు.

గట్టయ్య నర్సింగం ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. బురద పట్టిన ఆ గడ్డం పట్టుకుని తన ముఖానికి ఎదురుగా తిప్పుకున్నాడు. చిన్నపిల్లలకు చెప్పినట్టు ఒక్కొక్క మాటా పెదవులతో కనపడేటట్టు అడిగాడు.

"నా తమ్ముడు సచ్చిన దినం, ఎవడు ఊపిండు?"

నర్సింగం పెదవులు చదివాడు. చదివాడని అందరికీ తెలిసింది. కింద బురదలో వేళ్ళు ఆడించాడు.

"బుచ్చన్న" అన్నాడు.

గట్టయ్య కొట్టాడు. చెంప మీద, మళ్ళీ చెంప మీద. చచ్చినోడి మీద పెడుతున్నావా అని మూడోసారి చెయ్యి ఎత్తితే అనసూర్య వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"కొట్టకు బావ. నిజమే."

ఆమె ఏడవలేదు. మొగుడు ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పేవాడంది. సర్దార్‌కు నేనే చెవులు, నన్ను పక్క పొంటి నిలవెట్టుకుంటడు, అందరికంటే నేనంటే ఆయనకు నమ్మకం అని మురిసేవాడంది. తనూ మురిసింది. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని గట్టయ్య అడిగాడు. "తమ్ముడే తలకాయ ఊపి సచ్చిండంటే నువ్వు ఇంటుంటివా? నీకు ఈయన మీద కోపమన్న ఉండె. నాకెవరి మీద ఉన్నది?"

గట్టయ్య ఎత్తిన చెయ్యి దించాడు. అక్కడే బురదలో కూలబడ్డాడు. బుచ్చన్న ముఖం కళ్ళముందు ఆడింది. సర్దార్ తిరిగి చూస్తున్నాడు, ఆ చూపు మంచిగుందనిపించుకోవాలని అడుగుతోంది, బుచ్చన్న విన్నాడో వినలేదో, ఊపాడు. పోశం ఊపలేదా? పోశానికి నలుగురు పిల్లలు, ఇన్నేళ్ళ అనుభవం, అయినా కాదనలేకపోయాడు. ఇరవై దాటిన బుచ్చన్న ఎట్లా కాదంటాడు?

"ఇన్నడా?" అన్నాడు గట్టయ్య, నర్సింగం ముఖంలోకి. "నా తమ్ముడు బండ ఇన్నడా, ఊకెనే ఊపిండా? ఎన్నడన్న అడిగినవా?"

నర్సింగం లేదన్నట్టు తల అడ్డంగా తిప్పాడు.

సారలమ్మ మధ్యలోకి వచ్చింది. ఇల్లు చేరగానే దవాఖానకు తీసుకుపోయి చెవులు చూపిస్తానంది. చెవుడని డాక్టర్‌తో రాయిస్తానంది. అన్‌ఫిట్ చేస్తారు, ఇంట్లో కూర్చుంటాడు, ఇక బాయి ముఖం చూడడు, వదిలిపెట్టు తమ్మీ అంది. షిఫ్టువాళ్ళు అదే న్యాయమన్నారు. సామ్యేల్ కూడా అదే మంచిదన్నాడు. కథ అక్కడితో తెగిపోయినట్టే అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

గట్టయ్య లేచి ఒళ్ళు దులుపుకున్నాడు. మళ్ళీ నర్సింగం ముందుకు వంగాడు. ఈసారి గడ్డం పట్టుకోలేదు. ఆ కళ్ళు వాటంతటవే వచ్చి అతని పెదవుల మీద ఆగాయి.

"అన్‌ఫిట్ లేదు, ఏం లేదు. ఇంట్ల అరుగు మీద కూసోని ఎండ కాగుతవా? దిగుతవ్. దినాం బాయి దిగుతవ్. పోశం కాదు, నేను నిలవడ్త నీ పక్కకు. బండ చప్పుడు నేను ఇంట. నేను తలకాయ ఊపిందాక ఒక్క తట్ట లేవద్దు. ఊపకపోతే ఆ బండ కిందనే నా మొఖం చూస్కుంట నిలవడాలె నువ్వు. బుచ్చన్న మొఖం, నా మొఖం ఒక్కతీరుగుంటయని అందరంటరు. మంచిగ చూడు."

నర్సింగం చూశాడు. చూసి కళ్ళు దించుకోబోయాడు. దించుకుంటే మాట అందదు. అందుకని మళ్ళీ ఎత్తాడు.

అనసూర్య అడిగింది, ఇది కూడా పగేనా బావ అని. "పగనే" అన్నాడు గట్టయ్య.

ఆ సాయంత్రం వంట ఆలస్యమైంది. ఆరేసిన బట్టలు ముసురులో మళ్ళీ తడిసి ఉంటే తడివే మూటలు కట్టారు. పోశం ఒక పక్కన కూర్చుని బీడీ మీద బీడీ కాల్చాడు. అనసూర్య వరసలో అందరికీ వడ్డించింది. సారలమ్మ తన మొగుడి పళ్ళెం తనే పట్టుకుపోయింది.

*

తెల్లారి బ్రేకులు బాగున్నాయని సామ్యేల్ చెప్పాడు. స్టవ్వులు, చాపలు, సామాను పైకెక్కించారు. ఒక్కొక్కరే ఎక్కి ఎవరి సీట్లో వాళ్ళు కూర్చున్నారు. గట్టయ్య ఈసారి వెనక కూర్చోలేదు. తలుపుకు ఎదురుగా ఉన్న మొదటి సీట్లో కూర్చున్నాడు. అక్కడుండే పెద్దాయన ఏమీ అనకుండా లేచి వెనక్కి పోయాడు.

చివరికి నర్సింగం మిగిలాడు. పొన్నుకర్ర లేదు, అది పలక కింద ఉండిపోయింది. ఒక చెయ్యి తలుపు కడ్డీ మీద వేసి, కాలు మెట్టు మీద పెట్టబోయి, అలవాటు చొప్పున తల ఎత్తాడు. గట్టయ్య ముఖం ఎదురైంది. నర్సింగం కాలు కిందికి దించాడు. అట్లాగే నిలబడి ఆ ముఖం చూస్తున్నాడు, ఎక్కవచ్చా అని.

గట్టయ్య కదలలేదు.

సారలమ్మ లోపల నుంచి పిలిచింది. పిలిచి లాభం లేదని తనకే గుర్తొచ్చి నోరు మూసుకుంది. సామ్యేల్ ఇంజను స్టార్ట్ చేసి హారన్ కొట్టాడు. చెట్ల మీద పిట్టలు లేచాయి. వాగు అవతల గంపల కూలీలు తిరిగి చూశారు. నర్సింగం చెవిన పడలేదు. వాన చినుకులు నెత్తి మీద నుంచి కనుబొమల్లోకి కారుతుంటే, తుడుచుకుంటే ఆ ఒక్క క్షణంలో గట్టయ్య తల ఊపేస్తాడేమో, తాను చూడలేకపోతాడేమోనని తుడుచుకోకుండా నిలబడ్డాడు.

ఏందన్నా ఎక్కనియ్యి, పొద్దెక్కుతుందని సామ్యేల్ అన్నాడు. అనసూర్య ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. బస్సులో అందరూ గట్టయ్యనే చూస్తున్నారు.

ఊపాలి. ఎట్లాగూ ఊపక తప్పదు, బస్సు కదలాలి గదా, దూరం చాలా ఉంది. ఇంకొంచెం సేపు నిలబడనీ అనుకుని గట్టయ్య ఆ తడిసిన ముఖంలోకి సూటిగా చూస్తూ కూర్చున్నాడు.